గవిమెట్ట కెమెరాల గది

షాషావలికి కంప్యూటర్లోకి వచ్చే దేనిమీదా నమ్మకం ఉండేది కాదు.

అతను ఇదివరకు ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. ఒకనాడు ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ దూరి, పిల్లల మార్కులూ సర్టిఫికెట్లూ, ఏళ్ళ తరబడి దాచినవన్నీ తాళం పడ్డ పెట్టెల్లా బిగుసుకుపోయాయి. మళ్ళీ తెరుచుకోలేదు. ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు. అతనే ఆనాటినుంచి ప్రతిదాన్నీ అనుమానించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ఆ ఉద్యోగం మీద మనసు విరిగి, నల్లమల అంచున ఉన్న గవిమెట్ట దర్గాకు వచ్చి, అక్కడి గురువు హుస్సేన్ మియా సాహెబ్ దగ్గర శిష్యుడిగా చేరాడు.

మియా సాహెబ్ పొట్టి మనిషి. మాట తక్కువ. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేముందు వాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. ఆ పని పూర్తయ్యేసరికి చాలామంది ప్రశ్న మరిచిపోయేవారు.

గవిమెట్టకు కులమతాల తేడా లేకుండా జనం వస్తారు. మతి చెదిరిన వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. వెనకటి రోజుల్లో అలాంటివాళ్ళను స్తంభాలకు గొలుసులతో కట్టి ఉంచేవారట. మియా సాహెబ్ గద్దె మీదికి వచ్చిన ఏడాదే ఆ గొలుసులన్నీ విప్పించి కొలిమికి పంపేశారు. మనిషిని కట్టేస్తే మనిషితోపాటు జబ్బు కూడా కదలకుండా కూర్చుంటుందని ఆయన అనేవారు.

కట్టకపోతే మనుషులు తప్పిపోతారు. ఒక ఏడాది ఉరుసు ఉత్సవంలో ఒక ఆడపిల్ల ఎవరూ చూడకుండా బయటికి నడిచి, ఎక్కడో బస్టాండులో దొరికింది. అప్పుడు దర్గా కమిటీవాళ్ళు కెమెరాలు పెట్టిద్దామన్నారు. దర్గాలో కెమెరాలేమిటని కొందరు గొణిగారు. మియా సాహెబ్ ఒప్పుకున్నారు.

"గొలుసులు వద్దన్నవాళ్ళం. కళ్ళయినా ఉండాలి కదా" అన్నారు.

కెమెరాలు బిగించడానికి కర్నూలు నుంచి హిమజ అనే ఇంజనీరు వచ్చింది. గుమ్మాల మీదా, వసారాల్లోనూ, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టే లంగర్‌ఖానా దగ్గరా కెమెరాలు పెట్టించి, నగారాలు మోగించే నగారాఖానా పక్కనున్న చిన్న గదిలో రికార్డింగు కంప్యూటరు ఉంచింది. అన్ని కెమెరాలూ చూసేది క్షణక్షణం ఆ కంప్యూటరులోకి వచ్చి పడుతుంది. అది ఆగకుండా రాసుకుంటూ పోవాలి. రాయలేకపోయిన క్షణం మళ్ళీ రాదు. ఆ సంగతి ఆమె షాషావలికి విడమరిచి చెప్పింది. ఇక్కడ చదువుకున్నవాడు అతనే కనుక ఆ గది అతనికి అప్పగించారు.

షాషావలి మొదటిరోజే దానికి యాంటీవైరస్ ఎక్కించాడు. అందులో ఎన్ని కట్టుదిట్టాలుంటే అన్నీ పెట్టాడు. లోపలికి వచ్చే ప్రతి ఫైలునూ, లోపల రాసే ప్రతి ఫైలునూ అది విప్పి చూడాల్సిందే. అది చాలదన్నట్టు రోజూ మిట్టమధ్యాహ్నం కంప్యూటరు మొత్తాన్ని ఈ మూలనుంచి ఆ మూలకు గాలించాలని కూడా పెట్టాడు. ఆ వేళకు జనమంతా లంగర్‌లో భోజనాలకు కూర్చుంటారు, బయట ఏమీ జరగదని అతని లెక్క.

హిమజ అది చూసి, రికార్డింగులు పడే చోటును మాత్రం ఆ గాలింపులోంచి తప్పించమని చెప్పింది. అక్కడ క్షణం తీరిక లేకుండా రాత నడుస్తుంటుంది, మధ్యలో చెయ్యి పెడితే తడబడుతుందని చెప్పింది.

దొంగ వచ్చేది మనం వదిలేసిన తలుపులోంచే కదా అన్నాడు షాషావలి.

హిమజ తన సామాను సర్దుకుంది. అవసరమైతే ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం షాషావలి గురువు దగ్గరికి పోయి తను పెట్టిన కాపలా గురించి చెప్పుకొచ్చాడు. అతని మాటల్లో సంతోషం దాగలేదు. చీమ దూరినా దాన్ని ఆపి, తిరగేసి, బోర్లించి చూసిగాని లోపలికి పోనివ్వదన్నాడు. మియా సాహెబ్ టోపీ అంచు కుట్టుకుంటున్నారు.

"రాసేది రాస్తోందా?" అని అడిగారు.

"రాస్తోంది సాబ్. పచ్చలైటు వెలుగుతోంది."

మియా సాహెబ్ దారం తెంపి, మళ్ళీ కుట్టులో పడ్డారు.

ఆ ఏడాది ఉరుసుకు జనం విరగబడి వచ్చారు. వాళ్ళలో ఓబుళమ్మ ఒకతె. నేతపని ఇంటి మనిషి. తమ్ముడు నాగన్నను వెంటబెట్టుకుని వచ్చింది. పడుగు పట్టడంలో నాగన్నకు చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పేరుండేది. భార్య పోయినప్పటినుంచి అతను మాట మానేశాడు. పెడితే తింటాడు, కూర్చోబెడితే కూర్చుంటాడు. ఒక్కోసారి మాత్రం ఎవరో పిలిచినట్టు లేచి, ఎటో తెలియకుండా నడిచిపోతాడు.

ఓబుళమ్మ అతన్ని వసారాలో ఒక స్తంభం దగ్గర కూర్చోబెట్టి నీళ్ళు తేవడానికి పోయింది. మిట్టమధ్యాహ్నం. కుళాయి దగ్గర తోపులాట. బిందె నింపుకుని వచ్చేసరికి స్తంభం దగ్గర నాగన్న లేడు.

నలుగురినీ అడిగింది. ఎవరూ చూడలేదు. ఎవరో కెమెరాల గది చూపించారు.

షాషావలి ఆమెను కూర్చోమని స్టూలు వేశాడు. ఇలాంటి రోజు కోసమే కదా ఈ గది ఉన్నదని అతనికి లోలోపల ధైర్యంగానే ఉంది.

"కంగారు పడొద్దమ్మా. ఎటు పోయినా కనిపిస్తాడు" అన్నాడు.

తెర మీద వసారా కనిపించింది. స్తంభానికి ఆనుకుని నాగన్న కూర్చున్నాడు. తలమీద తువ్వాలు. ఆ తువ్వాలు కొసన వేలాడే పోగుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో విడదీస్తున్నాడు. పక్కన ఒక పిల్లవాడు బెలూను పైకెత్తి పట్టుకున్నాడు.

బొమ్మను ఎవరో ఒక్క కుదుపు కుదిపినట్టయింది. మరుక్షణం పిల్లవాడు లేడు. బెలూను లేదు. స్తంభం ఒక్కటే ఉంది.

తన చెయ్యి ఏదో తప్పు మీట నొక్కిందనుకున్నాడు షాషావలి. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. అదే కుదుపు. తెర మూలనున్న గడియారం కూడా ఆ చోట ఒక్క గెంతు గెంతింది. బస్సుల రోడ్డు వైపు గుమ్మం చూశాడు. అడవి వైపు గుమ్మం చూశాడు. క్వారీల వైపు గుమ్మం చూశాడు. అన్నిట్లోనూ అదే వేళకు అదే బొక్క.

ఓబుళమ్మ తెర దగ్గరగా వంగింది.

"మావోడు లేచేది యాడుంది నాయనా?"

"లేదమ్మా."

"కూసున్నేది ఉందే. లేచేది సూపీ."

అతను మళ్ళీ వెనక్కి తిప్పాడు. నాగన్న మళ్ళీ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పోగులు విడదీశాడు. మాయమయ్యాడు.

ఓబుళమ్మ కొంగు బిగించుకుని బయటికి నడిచింది.

మూడు గుమ్మాలు, మూడు దారులు. ఎటు పోయాడో తెలియదు కనుక మనుషులు మూడు దారులకూ చీలిపోయారు. తప్పిపోయినవాళ్ళు ఎక్కువగా బస్సుల రోడ్డు వైపే పోతారని అటు ఎక్కువమందిని పంపారు. పొద్దు గూకింది. మర్నాడు తెల్లవారాక, లంగర్‌లో వడ్డించే మౌలాలి అతన్ని కనిపెట్టాడు. దర్గాకు అంత దూరంలో కూడా కాదు, ఎప్పుడో వదిలేసిన నాపరాయి క్వారీలో, రాళ్ళ కింద నీడలో పడి ఉన్నాడు. తొడ ఎముక విరిగింది. నాలుక పిడచకట్టుకుపోయింది. ప్రాణం ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు, ముందురోజే తెచ్చి ఉంటే కాలు తిన్నగా అతుక్కునేదని ఓబుళమ్మతో చెప్పాడట. ఆమె ఆ మాట దర్గాలో ఎవరితోనూ అనలేదు. వెంటపోయిన మౌలాలి చెబితే తెలిసింది.

షాషావలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. యాంటీవైరస్ తెరిచి ఆనాటి పని చూశాడు. ఆ మిట్టమధ్యాహ్నం అది తనకు అప్పగించిన గాలింపు మొదలుపెట్టింది. ఉరుసు జనంతో కెమెరాల నుంచి వచ్చేది మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉంది. అది ఒక్కో ఫైలునూ పట్టుకుని విప్పి చూస్తుంటే, రాసేది చెయ్యి ఆడక నిలబడిపోయింది. కెమెరాల నుంచి వచ్చింది వచ్చినట్టే, రాతలో పడకుండా జారిపోయింది. చివర్లో యాంటీవైరస్ తన పని అయిపోయినట్టు చూపించింది. అన్నీ పరీక్షించాను, ఒక్క వైరస్ కూడా లేదని దాని భావం.

అతను గురువు దగ్గరికి వెళ్ళాడు. తప్పు ఒప్పుకోవడానికే వెళ్ళాడుగాని, కూర్చున్నాక మాట వేరేగా వచ్చింది.

"కాపలా పెట్టడం తప్పా సాబ్? నేనేమీ నిర్లక్ష్యం చెయ్యలేదు. ఏదీ వదలకుండా చూశాను."

మియా సాహెబ్ లేచారు. రమ్మని తల ఊపి, లంగర్‌ఖానా వైపు నడిచారు.

బంతి కూర్చుని ఉంది. వసారా ఈ చివరినుంచి ఆ చివరిదాకా విస్తళ్ళు పరిచి ఉన్నాయి. మౌలాలి అన్నం గంప ఎత్తబోతుంటే ఆయన ఆపి, ఆ గంపా, వడ్డించే హస్తమూ, ఒక పళ్ళెమూ షాషావలికి ఇప్పించారు.

"నువ్వు వడ్డించు బేటా. రాయి ఉందేమో చూసి వడ్డించు."

షాషావలి మొదటి విస్తరి ముందు వంగాడు. హస్తంతో అన్నం తీసి, పళ్ళెంలో పరిచి, వేళ్ళతో విడదీసి చూసి, అప్పుడు విస్తట్లో వేశాడు. రెండోదీ అలాగే. మూడోదీ అలాగే. అతను చేసేది మనసుపెట్టి చేసేవాడు కనుక ఒక్క మెతుకు కూడా వదల్లేదు.

ఆకలితో ఉన్నవాళ్ళు మొదట ఊరుకున్నారు. తర్వాత తలలు వంచి అతని వైపు చూడటం మొదలుపెట్టారు. అవతలి వరసలో ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది.

అతని వెనకనుంచి పప్పుపులుసులాంటి దాల్చా బకెట్టుతో మౌలాలి బయలుదేరాడు. దాల్చా వడ్డించేవాడు ఎవరి కోసమూ ఆగడు. ఆగితే అది చల్లారుతుంది, వెనక పాయసం వాడు నిలబడిపోతాడు. మౌలాలి షాషావలిని దాటుకుని ముందుకు పోయాడు. ఒక్కో విస్తట్లో ఒక్కో గరిటె పోసుకుంటూ పోయాడు. అన్నం లేని ఆకుల మీద దాల్చా పడి, అంచులు దాటి, నేల మీదికి కారింది.

షాషావలి తల ఎత్తి చూసేసరికి బంతి సగం దాకా ఖాళీ ఆకుల మీద దాల్చా మడుగులు కట్టి ఉంది. మనుషులు చేతులు వెనక్కి తీసుకుని కూర్చున్నారు.

అతని చేతిలో అన్నం ఉంది. అందులో రాయి లేదు.

మియా సాహెబ్ గంప అతని చేతిలోంచి తీసుకుని ఇంకొకరికి ఇచ్చారు. ఆకులు మార్పించారు. ఏమీ అనలేదు.

షాషావలి తిన్నగా కెమెరాల గదికి పోయి యాంటీవైరస్‌ను ఆనవాలు లేకుండా పీకిపారేశాడు. తన మనసులోంచి కూడా ఒక ముల్లు పీకేసినంత తేలిగ్గా అనిపించింది. ఆ తర్వాత ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా, ఏమిటని అడగకుండా పెట్టనిచ్చాడు. ఇన్నాళ్ళకు తనకు నమ్మడం చేతనైందని కూడా అనుకున్నాడు.

కొన్నాళ్ళు పోయాక ఆ సంగతి గురువుకు చెప్పాడు.

"తీసేశాను సాబ్. కాపలా అన్నదే లేదు. మీరు చెప్పింది అర్థమైంది."

మియా సాహెబ్ అతన్ని ఎగాదిగా చూశారు. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి తన దగ్గర కూర్చోమన్నారు. గురుశిష్యులు ఒకే పళ్ళెంలో తినడం గవిమెట్టలో పరిపాటి. అదొక గౌరవం. షాషావలి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

రెండో ముద్దకే పంటి కింద రాయి పడింది. మర్యాదకు మింగేశాడు. మూడో ముద్దలో ఇంకొకటి. ఈసారి దవడ జివ్వుమంది. తల ఎత్తి చూస్తే మియా సాహెబ్ కూడా నోట్లోంచి ఒక రాయి తీసి పళ్ళెం అంచున పెడుతున్నారు. ఆయనకు ముందు పళ్ళు ఎలాగూ లేవు, ఉన్న నాలుగు దవడపళ్ళతో మెల్లగా నములుతున్నారు. మళ్ళీ ఇంకో రాయి తీసి దాని పక్కన పెట్టారు.

షాషావలి వంటమనిషి జమాల్‌బీ వైపు చూశాడు. ఆమె మొహం ముడుచుకుని ఉంది. బియ్యం ఏరకుండా ఎసట్లో పొయ్యమని మియా సాహెబే చెప్పారని, తన చేతి వంటకు ఇలాంటి మాట ఎప్పుడూ రాలేదని గోడవైపు తిరిగి అంది.

షాషావలి చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏరితే తప్పన్నారు. ఏరకపోతే ఇదీ. నేను ఏం చెయ్యాలి సాబ్?"

"ఏరితే తప్పని నేనెప్పుడు అన్నాను?"

నిజమే. ఆయన ఆరోజు ఏమీ అనలేదు.

మియా సాహెబ్ మరో ముద్ద కలుపుకున్నారు. నమిలి, మింగి, అప్పుడు అన్నారు.

"చేట ఎక్కడ పెట్టాలో చూసుకో."

షాషావలి ఆ పూట భోజనం పూర్తిచేశాడు. రాళ్ళు తీసి పళ్ళెం అంచున పెట్టుకుంటూ, పూర్తిగా తిన్నాడు. తర్వాత వెళ్ళి హిమజకు ఫోన్ చేశాడు.

జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ముందే చెప్పానుగా అని ఆమె అంటుందని ఎదురుచూశాడు. ఆమె ఆ మాట అనలేదు. నాగన్న కాలు ఎలా ఉందని అడిగింది. తర్వాత చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటిగా చెప్పింది. అతను ఈసారి మధ్యలో మాట్లాడకుండా విన్నాడు.

యాంటీవైరస్ మళ్ళీ గదిలోకి వచ్చింది. కాని రికార్డింగులు పడే చోటు జోలికి అది పోదు. వాటిని రాసే ప్రోగ్రాం చెయ్యి పట్టుకోదు. కంప్యూటరులో మిగతా భాగమంతా దాని కాపలాలో ఉంటుంది. బయటి ఇంటర్నెట్టు తీగ ఊడదీసేశాడు. గడప పక్కన ఒక పాత లాప్‌టాప్ పెట్టాడు. ఎవరు ఏం తెచ్చినా ముందు అందులో పరీక్ష కావలసిందే, ఆ తర్వాతే లోపలికి. కంప్యూటరునంతా గాలించడం అప్పుడప్పుడు తప్పదు కనుక, దర్గాలో జనం పలచగా ఉండే ఉదయం చూసుకుని, తాను దగ్గర కూర్చుని, ఒక కన్ను రాత మీద ఉంచి నడిపించేవాడు. రాత తడబడితే గాలింపు ఆపేసేవాడు.

కమిటీలో రవూఫ్ సేట్ అని ఒకాయన ఉండేవాడు. కెమెరాల్లో పడ్డ ఉరుసు ఊరేగింపు బొమ్మలు తనకు కావాలని ఒకనాడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. షాషావలి దాన్ని తీసుకుని గడప దగ్గరి లాప్‌టాప్‌కు పెట్టాడు. కమిటీవాడినని కూడా చూడకుండా గుమ్మంలో నిలబెడతావా అని సేట్ నొచ్చుకున్నాడు. షాషావలి ఆయనకు స్టూలు వేశాడు. పరీక్ష పూర్తయ్యేసరికి అందులో రెండు వైరస్‌లు బయటపడ్డాయి. సేట్ తన పిల్లలు ఎక్కడెక్కడి సినిమాలూ అందులో ఎక్కిస్తుంటారని సర్దిచెప్పుకున్నాడు. షాషావలి దాన్ని శుభ్రంచేసి, ఊరేగింపు బొమ్మలు ఎక్కించి ఇచ్చి పంపించాడు. ఆ ఉదయమంతా లోపల రాత ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఈ సంగతి అతను గురువుకు చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. కాని అతను గది వదలడం మానేశాడు.

బొక్క పడుతుందేమోనని అతనికి కొత్త భయం పట్టుకుంది. కాసేపటికోసారి రికార్డింగు వెనక్కి తిప్పి, గడియారం గెంతిందేమో చూసుకునేవాడు. గెంతేది కాదు. అయినా చూసేవాడు. భోజనం గదికే తెప్పించుకునేవాడు. ప్రార్థనకు కూడా చివర్లో వచ్చి, ముందు లేచి వెళ్ళిపోయేవాడు. శిష్యులు నవ్వుకున్నారు. మియా సాహెబ్ నవ్వలేదు, మందలించనూ లేదు.

వానలు మొదలయ్యాక ఒక గురువారం ఓబుళమ్మ వచ్చింది. నాగన్న కూడా వచ్చాడు. ఒక కాలు పొట్టిదైంది, చేతికర్ర మీద ఒరుగుతూ నడుస్తున్నాడు. షాషావలి వాళ్ళను గుమ్మం కెమెరాలో చూశాడు. లేచి ఎదురు వెళ్ళాలనుకున్నాడు, కుర్చీలోనే ఉండిపోయాడు. వెళ్ళి ఏమనాలి? చూపమని ఆమె అడిగిన ఆ క్షణం తన దగ్గర ఇప్పటికీ లేదు.

ఓబుళమ్మ తమ్ముణ్ణి నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ తొట్టి పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టి, సమాధి మీద చాదరు సమర్పించడానికి లోపలికి పోయింది. ఈసారి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయింది.

షాషావలి ఆ కెమెరాను తెరనిండా పెట్టుకున్నాడు. రెప్ప వెయ్యకుండా చూశాడు. నాగన్న కర్రను ఒళ్ళో పెట్టుకుని వానచుక్కల్ని చూస్తున్నాడు. షాషావలి రికార్డింగు వెనక్కి తిప్పి చూశాడు, ఉంది. మళ్ళీ ముందుకు వచ్చాడు, నాగన్న ఉన్నాడు. మళ్ళీ తిప్పాడు. కర్ర మీద నాగన్న వేళ్ళు కదలడం కూడా స్పష్టంగా పడుతోంది. ఇంత స్పష్టంగా ఆనాడు పడి ఉంటే అనుకున్నాడు. ఈసారి లేస్తే లేచేది దొరుకుతుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనకే ఎలాగో అనిపించింది.

తెరలోకి మియా సాహెబ్ నడిచి వచ్చారు. గొడుగు లేదు. భుజాలు తడిశాయి. వచ్చి అరుగు మీద నాగన్న పక్కన కూర్చున్నారు. ఆయన కూడా వానను చూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి ఆయన తల ఎత్తి కెమెరా వైపు చూశారు. తెరలో ఆ చూపు సూటిగా షాషావలి మీద పడింది. ఆయన చెయ్యి చాచి, నాగన్నకు అవతలి పక్కన ఖాళీగా ఉన్న అరుగు మీద అరచేత్తో రెండుసార్లు తట్టారు.

షాషావలి కుర్చీలోంచి లేచాడు. రికార్డింగు వెనక్కి తిప్పబోయిన చెయ్యి తీసేశాడు. గది బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

వానలో నడుచుకుంటూ అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాగన్న తల తిప్పి అతన్ని చూసి, ఒళ్ళోని కర్ర తీసి రెండోవైపు పెట్టుకుని, కొంచెం జరిగాడు.

షాషావలి కూర్చున్నాడు.